విరిగిన స్కేలుతో తీసిన కొలత

పోయిన ఆదివారం మా అల్లుడు ఫోను నా కళ్ల ముందు పెట్టి, ఈ మూడింటిలో మన చిన్న లేతుకు ఏది సరిపోతుందో చెప్పమని అడిగాడు. చూస్తే టూల్ పోస్టులు, లేతు మీద ఇనుము కోసే టూలును పట్టి ఉంచే దిమ్మలు. మీట ఇటు లాగితే టూలు ఊడి చేతికొచ్చేవి, అటు తోస్తే బిగుసుకునేవి, చిన్నదీ నడిమిదీ పెద్దదీ వరుసగా నిలబెట్టి ఫోటో తీశారు. పెబ్బేరులో మా షాపు మూతపడ్డాక ఆ మిషన్ని వనపర్తికి తెచ్చి ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టి ఏళ్లు గడిచాయి, దాన్ని మళ్లీ తిప్పాలని అల్లుడికి ఈమధ్య సరదా పుట్టింది. నేను కళ్లజోడు వెతుక్కునేలోపే మా అమ్మాయి పక్కనుంచి అందుకుంది. "పెద్దది వద్దు. మా నాయన లెక్క గొప్పకు పోయి పెద్దది దెస్తే మళ్ల తిప్పలే." ఇద్దరూ నవ్వారు. మా ఇంట్లో ఈ మాట ఈనాటిది కాదు. ఎవరైనా పొయ్యి మీద పట్టనంత గిన్నె కొన్నా, కాలికి వదులయ్యే చెప్పులు తెచ్చుకున్నా, నాయన టూల్ పోస్టు తెచ్చినట్టు తెచ్చావంటారు. అలా అన్నప్పుడల్లా నేనూ వాళ్లతో కలిసి నవ్వేదాన్ని. మొన్న మాత్రం నవ్వు రాలేదు.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో లేతు షాపు లేకపోతే చుట్టుపక్కల పది ఊళ్లకు పని సాగేది కాదు. బోరు మోటారు షాఫ్టు అరిగినా, ట్రాక్టరు పిన్ను విరిగినా, బండి ఇరుసు వదులైనా మా గుమ్మం ముందుకే వచ్చేవాళ్లు, ఇక పశువుల అంగడి రోజయితే ఎడ్లను అమ్మడానికి వచ్చినవాళ్లు వాటిని బేరానికి నిలబెట్టి, ఆ బేరం తెగేలోపు తమ ఇరుసు పని అయిపోవాలని మా నెత్తిన కూర్చునేవాళ్లు. మా ఆయన చేతిలో పనితనం ఉండేది. నేను పెళ్లాన్ని కనుక చెప్పడం లేదు, నాగర్‌కర్నూలు నుంచి కూడా మనుషులు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ధరూరు దిక్కు పల్లెలో పత్తి ఏరుతూ, వేరుశనగ పీకుతూ పెరిగిన నాకు ఇనుము కూడా దోసకాయలా చెక్కు వస్తుందని ఆయన్ని చేసుకున్నాకే తెలిసింది.

మా అమ్మాయికి రెండేళ్లప్పుడు మిషన్ బెల్టులో ఆయన కుడిచేయి పడి మూడు వేళ్లు పోయాయి. చేయి మానింది కానీ పట్టు రాలేదు. మా మిషన్ మీద ఉన్నది పాతకాలపు టూల్ పోస్టు, నాలుగు బోల్టుల ఇనుప దిమ్మ. టూలు మార్చాలన్నప్పుడల్లా బోల్టులు విప్పాలి, టూలు మొన సరిగ్గా తిరిగే కడ్డీ నడిమి ఎత్తుకు వచ్చేదాకా దాని కింద రేకు ముక్కలు, విరిగిన బ్లేడు ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చాలి, మళ్లీ బోల్టులు బిగించాలి. మొన వెంట్రుకవాసి పైనున్నా కిందున్నా ఇనుము కోసుకోదు, రుద్దుకుంటుంది. ఎడంచేత్తో చక్రాలు తిప్పగలిగేవాడు కానీ, ముక్కలు పేర్చి పట్టుకుంటూ బోల్టు బిగించడం ఒక చేతితో అయ్యే పని కాదు. అలా నేను షాపులోకి వచ్చాను.

ఆరేళ్లు ఇద్దరం కలిసి ఒక మనిషి పని చేశాం. ఆయన మిషన్ ఆపి పిలిచేవాడు, నేను చేతులు తుడుచుకుంటూ వచ్చి టూలు మార్చేదాన్ని, ఆయన మళ్లీ నడిపేవాడు. షాపు వెనకే మా ఇల్లు, పొయ్యి మీద అన్నం ఎన్నిసార్లు మాడిందో చెప్పలేను. పౌడరు డబ్బాలో దాచుకున్న ఆ రేకు ముక్కల్లో ఏ ముక్క ఎంత మందమో వేలితో తడిమి చెప్పగలిగే స్థితికి వచ్చాను. అంగడికి వచ్చిన మొగవాళ్లు ఊరుకుంటారా, "ఏం వదినా, బోల్టు బిగిస్తున్నవా, మా అన్నను బిగిస్తున్నవా" అని పరాచికాలాడేవాళ్లు. నేను వాళ్లకు తగ్గట్టే జవాబు చెప్పి పంపేదాన్ని, నా నోరు అప్పుడూ ఇప్పుడూ మంచిది కాదు. ఆయన మాత్రం తల ఎత్తేవాడు కాదు. ఒకరోజు అన్నం దగ్గర కూర్చుని, కంచంలో చూస్తూ, "దినాం పదిమందిల నువ్వు నాకు ముద్ద నోట్ల వెడ్తున్నట్టుంది" అన్నాడు. నాకు కోపం వచ్చింది. చేసే చాకిరీకి ఈ మాటా అనుకున్నాను. ఆ మాటలో ఎంత బాధ ఉందో అప్పుడు నాకు పట్టలేదు.

ఆ తర్వాతే నాగర్‌కర్నూలులో ఆయనకన్నా పెద్దవాడైన ఒక మేస్త్రీ షాపులో మీట టూల్ పోస్టు చూసి వచ్చాడు. బస్సు దిగి ఇంట్లోకి రాగానే నీళ్లు కూడా తాగకుండా అగ్గిపెట్టెలు పేర్చి నాకు చూపించాడు. ఒక్కో టూలుకు ఒక్కో గూడు, ఆ గూటికి ఎత్తు ఒక్కసారి సరిచేసి పెట్టుకుంటే చాలు, ఇక ముక్కలు లేవు, బోల్టులు లేవు, ఒక చేత్తో మీట లాగి ఒకటి తీసి అదే చేత్తో ఇంకోటి తగిలించడమే. నేనూ మా అమ్మాయీ కథ వినే పిల్లల్లా ఆయన మాటలే విన్నాం. అయితే మేస్త్రీ ఒక జాగ్రత్త చెప్పాడట. టూల్ పోస్టు కూర్చునే పీట మీద నుంచి కడ్డీ నడిమి దాకా ఎంత ఎత్తు ఉందో ముందు కొలుచుకోవాలి, దాన్నిబట్టే సైజు, మిషన్‌కు మించినది తెస్తే టూలు ఎంత దించినా నడిమికి దిగదు.

ఆ కొలత తీసింది నేను. చెక్క పట్టి నిలబెట్టి స్కేలు ఆనించాలంటే రెండు చేతులు కావాలి కనుక నన్నే తీయమన్నాడు. మా షాపులో ఉన్నది ఒకే ఇనుప స్కేలు, దాని మొదటి సెంటీమీటరు ఎప్పుడో విరిగిపోయింది. కొత్తది కొనాలని అనుకుంటూనే ఏళ్లు గడిపాం, ఏది కొలిచినా వచ్చినదాంట్లో ఒకటి తీసేయడం మాకు అలవాటైపోయింది. పాత దిమ్మను దించి, పీట తుడిచి, స్కేలు పెట్టి చూస్తే నాలుగున్నర కనిపించింది. అంటే అసలు ఎత్తు మూడున్నర. నేను నాలుగున్నర అన్నాను.

"ఒకటి దీసినవా?" అని అడిగాడు.

"ఆఁ, దీసిన" అన్నాను.

నోటికొచ్చినట్టు అన్న మాట అది, అంతవరకు ఒప్పుకుంటాను. కానీ అన్న మరుక్షణమే తీయలేదని నాకు తెలిసింది. తెలిసీ దిద్దలేదు. అంతకుముందు రోజే ఆయన ఎంతో ప్రేమగా, "గది వస్తే ఇగ నీకు తిప్పల ఉండదు, ఇంట్ల కూసో, లేకుంటే ఎప్పటిలెక్క పత్తికి పో" అన్నాడు. ఆయన నాకు విశ్రాంతి ఇస్తున్నాననుకున్నాడు. నాకు మాత్రం ఎవరిదో చేను, ఎవరిదో కేక, సాయంత్రానికి వంగిన నడుము కనిపించాయి. అంతకన్నా, ఇక ఈయన నన్ను పిలవడు కదా అనిపించింది. ఆరేళ్లుగా రోజుకు ఇరవైసార్లు పిలిపించుకున్న మనిషిని. రెండు రోజుల తర్వాత ఆయన హైదరాబాదు బస్సెక్కాడు. ఆ రెండు రోజుల్లో చెప్పడానికి నాకు ఎన్ని సందులు దొరికాయో లెక్కలేదు, ఆయన చొక్కా మడత పెడుతున్నప్పుడు కూడా నోటిదాకా వచ్చింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. నాకైతే తీసుకునే వీలు రెండు రోజులు ఉండింది.

నాలుగున్నర ఎత్తంటే చిన్నదీ పడుతుంది, నడిమిదీ పడుతుందని అక్కడి దుకాణంలో చెప్పారట. గట్టిగా ఉంటుందని ఆశపడి నడిమిది తీసుకున్నాడు. మా మిషన్ బోల్టు లావుది, తొడగాలంటే కొత్త పోస్టు బెజ్జం పెద్దది చేయించక తప్పలేదు, కనుక ఇక అది తిరిగి ఇచ్చే వస్తువు కాదు. అంతా అయ్యాక మిషన్ మీద పెట్టి, టూలును అడుగుకు దించి, కడ్డీకీ మొనకూ మధ్య స్కేలు పట్టి చూశాడు. మొన నడిమికి వస్తే స్కేలు నిటారుగా నిలవాలి. మాది అవతలికి వాలింది, అంటే మొన ఇంకా పైనే ఉంది. మూడుసార్లు పట్టి చూశాడు. ఆ తర్వాత స్కేలు కింద పెట్టి, "నాదే తప్పు, చిన్నది దేవాల్సింది, గొప్పకు వోయిన" అన్నాడు. కొలత మీద ఆయనకు అనుమానమే రాలేదు, కొలిచింది నేను కదా.

పీటను చెక్కిస్తే దిగుతుందని నాగర్‌కర్నూలు మేస్త్రీ అన్నాడు. మా మామ కష్టపడి నిలబెట్టిన మిషన్ని కోయనన్నాడు ఈయన. పాత దిమ్మే పెట్టుకుందామని నేనన్నాను, ఎంత తీయగా అన్నానో ఇప్పటికీ మరిచిపోలేను. ఆయన వినలేదు. సానరాయి ముందు కూర్చుని టూళ్ల అడుగుభాగం అరగదీయడం మొదలుపెట్టాడు. గూటిలో కూర్చునే టూలు పలచనైతే దాని మొన కిందికి దిగుతుంది. అలా సగానికి సగం అరగదీసి చివరికి నడిమికి తెచ్చాడు. టూళ్లు కత్తిరేకుల్లా తయారయ్యాయి, కానీ పని జరిగింది.

ఆ తర్వాతి కొన్ని నెలలు ఆయన జీవితంలో మంచి రోజులని చెప్పాలి, చెప్పడానికే నాకు సిగ్గుగా ఉంది. పిలవకుండానే పని చేసుకునేవాడు. మీట లాగిన చప్పుడు, గూడు తగిలించిన చప్పుడు, మళ్లీ మిషన్ చప్పుడు. అంగడికి వచ్చినవాళ్లతో పరాచికాలాడడం మొదలుపెట్టాడు. నేను పత్తికి పోయాను. వరుసలో వంగి ఏరుతూ, ఆయన పలచని టూళ్లతో లావు ఇనుము కోస్తున్నాడని తెలిసీ, ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ గడిపాను.

ఒక మధ్యాహ్నం పెబ్బేరు నుంచి మోటారుసైకిలు మీద ఒకాయన చేనుగట్టు దాకా వచ్చి కేకేశాడు. "అక్కా, జల్ది రా. అన్నకు కంట్ల తాకింది." కడ్డీని ముక్క కోసే టూలు, అన్నిట్లోకీ సన్నది, మధ్యలో పట్టుకుని విరిగిందట. ముక్క ఎగిరి ఎడమకంట్లో దిగింది. కర్నూలు దవాఖానలో పదకొండు రోజులున్నాం. గోరుచుట్టు మీద రోకటి పోటంటే అదే. చూపు పోయింది, కొన్నాళ్లకు రెండో కన్ను కూడా మసకబారింది. ఆ తర్వాత ఆయన మిషన్ ముట్టలేదు.

మిషన్ నేను నడిపాను. కొత్త పోస్టు తీసి పక్కన పడేసి పాత నాలుగు బోల్టుల దిమ్మతోనే, మా అమ్మాయి చదువు అయ్యేదాకా, పెళ్లయ్యేదాకా నడిపాను. మొగవాడిలా నడిపిస్తుందని గద్వాల దాకా చెప్పుకున్నారు, ఆ మెప్పు విన్నప్పుడల్లా నేను మాట మార్చేదాన్ని. ఆయన గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని చప్పుడును బట్టి, "ఇంకో ముక్క వెట్టు, కిందికున్నది" అని చెప్పేవాడు. ఆ మాట ఎప్పుడూ తప్పలేదు. ఎవరైనా కన్ను సంగతి అడిగితే తనే నవ్వుతూ, "గొప్పకు వోయి పెద్దది దెచ్చిన, గదే కథ" అనేవాడు. మా ఇంట్లో ఆ పరాచికం మొదలుపెట్టింది ఆయనే. పిల్ల అది విని నేర్చుకుంది, అల్లుడు ఆమె నుంచి నేర్చుకున్నాడు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. మిషన్ మీద ఆయన కోరిన స్థానం నాకు దక్కింది, నా పొరపాటు ఆయన పేరు మీద మిగిలింది.

మొన్న అల్లుడు కొలత తీయడానికి షెడ్డులోకి పోబోతుంటే ఆగమన్నాను. మా అమ్మాయిని కూర్చోబెట్టి చెప్పాను. మీ నాయన గొప్పకు పోలేదు, కొలత తప్పు చెప్పింది నేను, తప్పని తెలిసీ చెప్పలేదు, ఇకమీదట ఆ మాట ఈ ఇంట్లో అనొద్దు అన్నాను. అల్లుడు ఫోను జేబులో పెట్టుకుని బయటికి వెళ్లాడు. మా అమ్మాయి తిట్టలేదు, ఏడవలేదు. "నాయనకు చెప్పినవా?" అని మాత్రం అడిగింది. లేదన్నాను. లేచి లోపలికి పోయింది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు, ఇప్పటికీ మాట్లాడాల్సినంత మాట్లాడడం లేదు.

టూల్ పోస్టు నిన్న వచ్చింది, చిన్నదే. ఊళ్లోకి పోయే పని లేదు, బస్సెక్కే పని లేదు, డబ్బా గుమ్మంలోనే పెట్టి వెళ్లారు. ఇప్పుడు ఎవరూ ఎవరినీ కొలిచి పెట్టమని అడగక్కర్లేదు, ఏ ఎత్తుకు ఏ సైజో ఫోనే చెబుతుంది. ఒకవేళ తప్పినా సరే, వారం లోపల వాపసు తీసుకుంటారట, అల్లుడు ఎంత తేలికగా అన్నాడో ఆ మాట. ఆ వెసులుబాటే ఆనాడు మాకుంటే, ఆయన బెజ్జం చేయించకముందే సరిచూసుకుని దాన్ని తిప్పి పంపి చిన్నది తెచ్చుకునేవాడు, కన్ను దక్కేది, నేనన్న మాట ఇంత పాపం కాకుండా ఎప్పుడో మరిచిపోయిన ఒక చిన్న అబద్ధమయ్యేది.