మెడలో ఎర్రదారం

2012లో మేము సూరారంలో ఉండేవాళ్ళం. వీధికుక్కలను కాపాడే సంస్థ ఒకటి, పెంచుకునేవాళ్ళు దొరికేదాకా వాటిని తమ మనుషుల ఇళ్ళలో ఉంచేది. అలా గాజులరామారంలో ఒక మేడమ్ సాకుతున్న కుక్కను తెచ్చుకున్నాం.

"దీనికి ఎవరూ లేరండీ. పెంచుకుంటే మీకే పుణ్యం" అందామె.

చిన్ను అని పేరు పెట్టి, మా మంచం మీదే పడుకోబెట్టుకున్నాం.

ఒక ఆదివారం చేపల కోసం శామీర్‌పేట వెళ్తూ చిన్నును వెంట తీసుకెళ్ళాను. చేపలమ్మే ఒక అవ్వను చూడగానే అది నా చేతిలోని గొలుసు లాక్కుని ఆమె ఒళ్ళోకి దూకింది.

"ఓరి మల్లిగా! ఏడికి పోయినవ్‌రా?" అని అవ్వ బోరుమని ఏడ్చింది. "గిది మా కుక్కనే బిడ్డా. మెడకు ఎర్రదారం గూడ కట్టిన."

అక్కడినుంచే మేడమ్‌కు ఫోన్ చేశాను.

"దారమా? నేనే కత్తిరించానండీ. కట్టేయకుండా ఊరిమీద వదిలేసేవాళ్ళకు కుక్కెందుకు?" అంది తాపీగా.

ఫోన్ పెట్టేశాను. గొలుసు విప్పేశాను. చిన్ను అవ్వ గంప పక్కన పడుకుంది, నావైపు చూడనైనా లేదు.

"మంచిగ సాదినవ్ బిడ్డా" అంటూ అవ్వ నా సంచిలో రెండు చేపలు వేసింది. ఆ చేపలు మా ఇంట్లో ఎవరికీ గొంతు దిగలేదు.

చిన్ను మీద నాకు కోపం లేదు. దొంగసొత్తు చేతిలో పెట్టి పుణ్యమన్న ఆ గొంతు గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.