పొయ్యి లేని ఇల్లు

మొన్న ఆదివారం నేను గీసిన ఇంటికి నలభై మంది వచ్చారు. నలభై మందీ నవ్వుకుంటూ పోయారు. ఏం జరిగిందో చెబుతాను, మీరూ నవ్వండి.

పేదలకు మంచి ఇళ్ళు, నరసరావుపేటకు తిన్నని వీధులు కావాలని సంఘం పెట్టి ఆరేళ్ళయింది. నేను అధ్యక్షుణ్ణి. మీటింగులకు వచ్చేదీ సాధారణంగా నేనే! కాగితం మీద ప్లాను ఎవరికీ అర్థం కావడం లేదని, ఈసారి పునాదికి ముగ్గు పోసినట్టు, బయలు నేల మీద నమూనా ఇంటిని అసలు కొలతలతో సున్నంతో గీశాను. మునిసిపల్ చైర్మన్ గారు, తమకు నచ్చితే కూలీల ఇళ్ళకు ఆ స్థలం ఇప్పిస్తామన్నారు.

గోడలు లేకపోయినా ఒక్కరూ గీత దాటలేదు. వాకిలి గుర్తు దగ్గర చెప్పులు విడిచి మరీ లోపలికొచ్చారు! నా గదికి ఏ ఆదివారమూ ఒక్క మనిషి రాలేదు.

"ఇది వరండా. ఇది పడకగది. ఇది చుట్టాల గది. ఇక్కడ చదువుకోవచ్చు."

పత్తి మిల్లులో పనిచేసే మరియమ్మ రెండుసార్లు తిరిగి చూసింది. "చానా బాగుందయ్యా. పొయ్యి యాడ?"

ప్లాను తీసి చూశాను. తిప్పి చూశాను. వంటిల్లు లేదు! పదకొండేళ్ళుగా పూటకూళ్ళింట్లో తింటున్నవాడికి ఆ సంగతే తోచలేదు.

"ముందు అది గీయండి, స్థలం మాట తర్వాత" అన్నారు చైర్మన్ గారు.

సున్నం డబ్బా తీశాను. ఎంత గీయాలో తెలియదు. మరియమ్మే గొంతుక్కూర్చుని, లేని పొయ్యి చుట్టూ చేతులు చాచి కొలత చూపించింది. "తినేవాళ్ళు కూర్చోవద్దా? ఇంట్లో ఎంతమంది?"

"ఒక్కడే" అన్నాను. నోటికొచ్చేసింది.

"మా ఇల్లు గీయమంటే నీ ఇల్లు గీసుకున్నావేందయ్యా!"

ఇక నవ్వులే నవ్వులు. చైర్మన్ గారి చేతిలోని గొడుగు కింద పడింది. స్థలం ఇప్పిస్తామన్నారు, ఒక్క షరతు మీద. ప్లాను మీద ముందు మరియమ్మ వేలిముద్ర పడాలి, ఆ తర్వాతే నా సంతకం.

నిన్న వంటిల్లు చేర్చి, ప్లాను మరియమ్మ ఇంటికి తీసుకెళ్ళి గీత గీతా వివరించాను. వేలిముద్ర పడలేదు. పొగ పోయే దారి మర్చిపోయాను.