ఊబి అవతలి నుంచి పిలిచిందెవరు

ఇది మా ఆవిడకి కూడా సగమే చెప్పాను. మిగతా సగం ఇప్పుడు మీకు చెబుతున్నాను. అల్లా మీద ఒట్టు... ఒక్క ముక్క కల్పించలేదు. నేను దేశం కాని దేశంలో, టూవూంబా అనే ఊళ్లో ఫార్మసిస్టుని. పొద్దస్తమానం మందుల మోతాదులు చూసుకునే మనిషిని. కథలు అల్లే ఓపిక నాకెక్కడిది?

మా ఊరికి మూడు గంటల దూరంలో, సముద్రం వైపు, ఒక వన్యప్రాణుల రిజర్వు ఉంది. చెట్లు తక్కువ. కనుచూపు మేరా మోకాలెత్తు పొదలు, మధ్యమధ్య నల్లనీళ్ల ఊబి. అక్కడ పొట్టి గుర్రాలు వాటి ఇష్టానికి తిరుగుతుంటాయి. వాటిని దూరం నుంచి కనిపెట్టుకుని ఉండే వాలంటీర్లలో నేనొకణ్ణి. యూనివర్సిటీలో పాఠాలు చెప్పే నల్గొండ శ్రీనివాస్ అన్న ఇంకొకడు. నియమం ఒక్కటే. చూడాలి, రాసుకోవాలి, మచ్చిక మాత్రం చెయ్యకూడదు.

నేను చేశాను. మా నాన్న చీరాలలో జట్కా తోలేవాడు. నాలుకని అంగిట్లో కొట్టి "టక్... టక్ టక్" అనేవాడు. ఓ రోజు సరదాకి నేనూ అన్నాను. గోధుమరంగు ఆడగుర్రం తలెత్తింది. నెల తిరిగేసరికి ఆ చప్పుడు వింటే చాలు, పిల్లని వెంటేసుకుని వచ్చేసేది. నాకెంత గర్వమో! అన్నకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆ శనివారం చీకటి పడే వేళకి అది ఊబిలో దిగబడింది. కడుపు వరకూ బురద. పిల్ల గట్టు మీద వణుకుతోంది. రేంజర్‌కి ఫోన్ చేశాం. తాళ్లు తీసుకుని వస్తున్నాను, గంటన్నర పడుతుంది, మీరు మాత్రం బురదలో కాలు పెట్టొద్దు అన్నాడు. అతనికి దారి చూపించడానికి అన్న కారేసుకుని గేటు దగ్గరికి బయల్దేరాడు.

"నాకు ఫోన్ కలిపి స్పీకర్‌ల ఉంచు కరీం. కట్ చెయ్యకు. అది కదలకుంటె చాలు, మేమొచ్చి గుంజుతం."

నిజమే. కదిలితే ఇంకా కూరుకుపోతుంది. "ఉండమ్మా... కదలకు తల్లీ" అంటూ, అన్నకి ఫోన్ కలిపి ఒళ్లో పెట్టుకుని, టార్చి పట్టుకుని కూర్చున్నాను. అది నా వైపే చూస్తోంది. ముక్కుల్లోంచి ఆవిరి... గాలి లేదు. కప్పలు ఒకటే అరుపు.

ఉన్నట్టుండి కప్పలు ఆగిపోయాయి.

టక్...

ఊబి అవతలి నుంచి. అక్కడ మనిషి నిలబడే నేల లేదు. అన్నీ నీళ్లే.

టక్... టక్ టక్.

ఒకటి, ఆగి, రెండు. మా నాన్న పద్ధతి. నా పద్ధతి.

గుర్రం చెవులు అటు తిరిగాయి. తర్వాత తల. తర్వాత మెల్లగా... గింజుకుంటూ... ఒళ్లంతా అటు కదిలింది. టార్చి వేశాను. పొగమంచు తప్ప ఏమీ లేదు. "వద్దే! ఇటు రా!" అని అరిచాను. మాటలు దానికేం తెలుసు? దానికి తెలిసింది ఆ చప్పుడొక్కటే. నేనూ చెయ్యబోయాను... నోరు ఎండిపోయింది. నాలుక అంగిటికి అతుక్కుపోయింది. మళ్లీ ప్రయత్నించాను. ఉత్త గాలి. అవతల మాత్రం తీరిగ్గా... టక్... టక్ టక్.

వీపు మునిగింది. మెడ మునిగింది. చివరికి చెవులు... అవి ఇంకా అటే తిరిగి ఉన్నాయి. పిల్ల సకిలించింది. నేను చేతగానివాడిలా గట్టు మీద కూలబడి ఏడ్చాను.

వాళ్లొచ్చేసరికి నీళ్లు కదలడం కూడా మానేశాయి. రేంజర్ పిల్ల మెడకి మెల్లగా తాడు వేస్తున్నాడు. అన్న నన్ను పక్కకి లాగాడు.

"కదలనియ్యకు అంటె ఎందుకు పిలిచినవ్ ర?"

"నేను పిలవలేదన్నా! అవతల ఎవరో..."

"అవతల కాదు. ఫోన్‌ల నీ నోట్లకెల్లే వచ్చింది. 'ఇటు రా' అని అరిచినవ్. మల్ల టక్ టక్ అన్నవ్. వద్దు కరీం, వద్దు అని ఎంత మొత్తుకున్న! ఇనలే నువ్వు."

అన్న గొంతు నాకు ఒక్కసారి కూడా వినపడలేదు. ఫోన్ నా ఒళ్లోనే ఉంది. స్పీకర్ ఆన్‌లోనే ఉంది.

ఇంటికొచ్చి నీళ్లు తాగబోతే నోట్లో మంట. అద్దం ముందు నోరు తెరిచి చూసుకున్నాను. నాలుక కొన ఎర్రగా వాచిపోయి ఉంది. భయంలో కొరుక్కుని ఉంటాను... అంతేనంటారా?