సారన్న భుజం మీది పార

నిన్న పొద్దున్నే ముసురు పట్టింది. పొలంలో నాట్లు పడుతున్నాయి. ఒడ్డు మీద నిలబడి నారు కట్టలు అందిస్తుంటే ఫోన్ వచ్చింది. సారన్న ఇక లేడని.

మొన్ననే అంగట్లో కలిశాడు, బాగానే ఉన్నాడు. కట్టలు కూలీలకు అప్పగించి బయలుదేరాను.

ఈ వాట్సాప్ గ్రూపులో చిన్నవాళ్లకు సారన్న తెలియదు. చిట్యాల దగ్గర మా ఊరే, వ్యవసాయం. ఎనభైల్లో ఆయన మారథాన్‌కు ప్రాక్టీస్ చేశాడు.

అప్పట్లో మా దగ్గర పెద్దవాడు ఉరికాడంటే ఒకటే అర్థం. ఎవరో పోయారు, కబురు మోసుకుపోతున్నాడు.

సారన్న పొద్దున్నే రోడ్డెక్కితే ఆడవాళ్లు చీపుర్లు పక్కన పడేసి వాకిట్లోకి వచ్చేవాళ్లు.

"ఎవలు సచ్చిండ్రు బిడ్డా?"

"ఎవలు సావలేదవ్వా. ఉత్తగనే ఉరుకుతున్న."

"ఉత్తగ ఎవలన్న ఉరుకుతరా? జర ఆగి చెప్పు."

ఒక ముసలావిడ నమ్మక, బస్సెక్కి కూతురి ఊరికి పోయి చూసుకుని వచ్చింది. వచ్చాక ఆమె తిట్టిన తిట్లన్నీ కొడుకు బదులు సారన్న వాళ్ల బాపు పడ్డాడు.

ఆ తర్వాత సారన్న భుజాన పార వేసుకుని ఉరికాడు. పొలానికి నీళ్లు మలపడానికి పోతున్నాడనుకుని ఎవరూ అడగలేదు.

వాళ్ల బాపుకు మాత్రం కోపం తగ్గలేదు.

"జనగామల పందెమన్నవు గద. నడుమ ఆగకుంట ఉరికి రా. ఆగినవంటే గీ ముచ్చట మళ్ల ఎత్తద్దు."

సారన్న సరేనన్నాడు. పరుగు మానేసి ఉండలేడని నాకు తెలుసు.

పందెం రోజు జనగామ నుంచి ఘనపూర్ దారిలో పోయి తిరిగి రావాలి. నేను సైకిల్ మీద వెంట పోయాను. పార లేదు గానీ, కుడి చెయ్యి మాత్రం భుజం దగ్గరే ఉంది. చూసినవాళ్లు నవ్వారు.

"చెయ్యి దించన్నా."

"దించితే అడుగు తప్పుతాంది. ఊకో."

తిరుగుదారిలో కాళ్లు పట్టేశాయి. నడక కంటే కొంచెం ఎక్కువ, అంతే. ఆగలేదు. మేం చేరేసరికి పందెం వాళ్లు టెంటు విప్పుతున్నారు.

ఇంటికి రాగానే వాళ్ల బాపు అడిగాడు.

"ఆగినవా?"

"ఆగలె బాపు."

"ఎన్నో నంబర్?"

"నా ఎనుక ఎవలు లేరు."

ఆయన పార అందుకుని గోడకు ఆనించాడు.

"రేపటి సంది పార ఇంట్ల పెట్టి పో. ఎవలడిగినా నేను చెప్త."

తర్వాత చాలా ఏళ్లు సారన్న ఆ రోడ్డు మీద ఉత్త చేతులతోనే ఉరికాడు.

పోయిరా సారన్నా. నీ కాళ్లకు ఇక నెమ్మది దొరకాలి.

నిన్న మధ్యాహ్నం వాన తెరిపిచ్చాక దహనం అయింది. చుట్టాలు సాయంత్రం బస్సుకు వెళ్లారు. చీకటి పడకముందే నేనూ ఇంటికి వచ్చేశాను.