‘గుంట’ అని అరిచినది ఎవరు?

దెయ్యాలూ గాలీధూళీ అంటే నాకు నవ్వు. ఖరగ్‌పూర్‌లో రైలోళ్ల ఇంట్లో పుట్టి పెరిగినాను. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు, తాతా అంతే. యాక్సిడెంటు అయిందంటే ఎవడి తప్పు అని అడిగే ఇల్లు మాది, ఏ దెయ్యం పని అని కాదు. అందుకే ఇది రాయాలంటే నాకే సిగ్గుగా ఉంది.

ఖరగ్‌పూర్‌లోనే మలంచా అనే మా పేటలో తెలుగు ఆడవాళ్లని బస్సు కట్టి సముద్రానికి తీసుకెళ్లడం నా పని. ప్రతి ఏడూ ఒకే ఊరు, ఒకే హోటలు. ఆ ఊరి పేరు రాయను. టూరిస్టులని నమ్ముకుని బతికే పేదోళ్లు అక్కడున్నారు, వాళ్ల నోటికాడ కూడు నేనెందుకు తీయాల?

ఈసారి పెద్ద తుపాను వచ్చి ఒడ్డంతా కోసేసింది. నెల తిరక్కుండానే హోటలు మేనేజరు ఫోను మీద ఫోను. "దీదీ, సబ్ ఠీక్ హై. దారి కొత్తది, లైట్లు కొత్తవి. బస్సు తెచ్చేయండి." నాకు నమ్మకం కుదర్లేదు. బస్సెడు మంది నా మాట మీద కదా ఎక్కుతారు! ముందు నేను చూసొస్తానని, కోడలు లావణ్యనీ, మనవరాలు చిన్నినీ తీసుకుని కారులో వెళ్లినాను.

బాగుందండీ, అబద్ధం ఎందుకు. ఒడ్డు పొడుగునా రంగు జెండాలు, కొత్త బెంచీలు, ఇసక పరిచిన నడకదారి. పట్టపగలు, ఎండ ఫెళ్లున కాస్తోంది. టీ బండి దీదీ తప్ప నరమానవుడు లేడు. చిన్ని చెయ్యి విడిపించుకుని ఆ దారమ్మట పరిగెత్తింది.

అప్పుడు మా వెనక నుంచి ఒక ఆడగొంతు, చిరిగిపోయేలాగ అరిచింది. "గుంట! గుంట!"

మా శ్రీకాకుళం వైపు గుంట అంటే ఆడపిల్ల. పిల్లకేటో అయిపోయిందని చిన్ని వైపు ఉరికినాను. లావణ్యది గుంటూరు వైపు. వాళ్లకి గుంటంటే గొయ్యి. అది "చిన్నీ, కదలకు!" అని కేక పెట్టింది. పిల్ల బెదిరి నిలబడిపోయింది, నేను రెక్క పట్టుకుని వెనక్కి లాగినాను.

పిల్ల అడుగు వెయ్యబోయిన చోట ఇసక దానంతటది జారడం మొదలెట్టింది. కింద వెదురు తడిక. ఆ తడిక కూడా విరిగి లోపలికి పోయింది. దారి కింద మట్టంతా సముద్రం తినేసింది. మనిషి నిలువు లోతు, అడుగున నీళ్లు సుడి తిరుగుతున్నాయి.

అరిచిన తల్లికి దండం పెడదామని తిరిగి చూస్తే ఎవ్వరూ లేరు. టీ దీదీని బెంగాలీలో అడిగినాను. మీ కోడలు తప్ప ఎవరూ అరవలేదు అన్నాది. ఇక్కడ తెలుగోళ్లు ఎవరైనా ఉన్నారా అంటే, తుపాను తర్వాత మీరే మొదలు అన్నాది.

గ్లాసులు కడుగుతూ తనే చెప్పింది. తుపాను తగ్గిన రోజుల్లో ఆ గోతిలోనే జాలరి పిల్ల ఒకర్తి పడి చచ్చిపోయింది. మా చిన్ని అంతే ఉండేదట. అప్పుడు చుట్టూ ఎర్రజెండాలు పాతారు. సీజను వస్తోందని అవి పీకేసి, తడిక పరిచి ఇసక పోసేసినారు. బయట అనొద్దని అందరికీ చెప్పినారు.

ఎర్రజెండా పీకేయడమేటండీ! మా రైల్వేలో పట్టా బాగవకుండా ఎర్రజెండా తీసినోడి ఉద్యోగం ఉంటాదా? ఇక్కడ దాని చోట రంగు జెండా కట్టేసినారు, సిగ్గులేని మనుషులు.

మేనేజరుని నిలదీస్తే, "అది సీజనుకి ముందు మాట దీదీ. అందరి పొట్టా నిండాలి కదా, ఫోనులో ఎక్కడా రాయకండి" అన్నాడు. నా మనవరాలు పడుంటే నీ పొట్ట నిండేదా అని అడిగినాను. లావణ్య తన ఎర్ర చున్నీ చింపి, కర్రకి కట్టి గోతి పక్కన పాతింది. బస్సు మానేసినాను.

మేమిద్దరం ఇప్పటికీ వాదించుకుంటాం. గొయ్యి గురించే చెప్పింది అత్తయ్యా అంటాది లావణ్య. కాదే, ఆ చచ్చిపోయిన పిల్ల గురించి అంటాను నేను. బెంగాలీ జాలరోళ్ల వాడలో మా తెలుగు ముక్క ఎలా పలికిందో, ఎంత ఆలోచించినా అంతు పట్టదు.

చెప్పినది ఎవరో నాకు తెలీదు. చెప్పనోళ్లు ఎవరెవరో మాత్రం తెలుసు.