ఎండవైపు ప్రతిపక్షం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. నాచారంలో ఒక మందుల కంపెనీలో కొత్తగా ట్రైనీగా చేరాను. మాత్రలు చేయడం తప్ప లోకంలో మిగతావన్నీ నాకు వచ్చు. బంగారం ఎందుకు పెరిగింది, మంత్రిగారు ఎందుకు అలిగారు, సినిమా టికెట్ల రేట్లు పెంచితే సంస్కృతి ఏమైపోతుంది, అన్నింటికీ ఉప్పల్‌లో పేపర్ కొనుక్కుని కంపెనీ బస్సెక్కేలోపు నా దగ్గర జవాబు సిద్ధం. (ఆ బస్సులో వాళ్ల ఓపికకు ఇప్పుడు దండం పెట్టాలనిపిస్తుంది.)

ఆ బస్సే మా అసెంబ్లీ. పొద్దున నాచారం వెళ్లేటప్పుడు ఎండ కుడివైపు పడేది. సాయంత్రం సూర్యుడు అటు మారేవాడు, బస్సూ ఇటు తిరిగేది, ఎండ మళ్లీ కుడివైపే. ఇంత అన్యాయానికి గురయ్యేవాళ్లు ప్రతిపక్షం కాక ఏమవుతారని డ్రైవరన్న తేల్చేశాడు. అప్పటినుంచి నీడవైపు వాళ్లు పాలకపక్షం, ఎండవైపు వాళ్లు ప్రతిపక్షం, డ్రైవరన్న స్పీకరు. గొడవ ముదిరితే హారన్ కొట్టేవాడు. నేను ఎండవైపు నాయకుణ్ణి. నా ప్రతి మాటకూ వెనక నుంచి సీటు చరిచేది, బస్సంతా మామ అని పిలిచే బాయిలర్ సెక్షన్ పెద్దాయన.

నాకొచ్చిన చిక్కల్లా నీడవైపు కూర్చునే ల్యాబ్ అమ్మాయి. నేను మాట్లాడుతుంటే ఆమె కిటికీ వదిలేసి నావైపు చూసేది. ఆ చూపుకి అర్థం తెలుసుకోకపోతే తిండి సయించని దశకు వచ్చాను. ఆమె వెనక సీటు ఖాళీ అయిన రోజు ఇక ఆగలేక పార్టీ ఫిరాయించాను.

సరిగ్గా ఆ రోజే పేపర్లో, ఫ్యాక్టరీలను ఊరి బయటికి తరలిస్తారట అని వార్త. ముందురోజైతే బస్సు పైకప్పు ఎగిరిపోయేలా వ్యతిరేకించేవాణ్ణి. ఇప్పుడు పాలకపక్షం కదా. లేచి నిలబడి, తరలించడం ఎంత మంచిదో, ఊరి బయట గాలి ఎంత శుభ్రమో ధారాళంగా చెప్పాను. "గింత పని జేస్తివేంది అల్లుడా," అన్నాడు మామ. ల్యాబ్ అమ్మాయి వెనక్కి తిరిగింది.

"ఎండల కూసొని కొట్లాడుతుంటె మంచోరనుకున్న. నీడ దొరకంగనే మాట మార్చిన్రు. కంపెనీ దూరం పోతె మా ఇంట్ల నన్ను పనికి పంపరు, ఎరుకేనా?"

నాకు ఎరుక లేదు. లోకంలో నాకు తెలియని మొదటి విషయం అదే. సిగ్గుతో చచ్చిపోయాను, ఆమె ఇక నావైపు చూడదని భయం కూడా వేసింది.

సాయంత్రం బస్సెక్కితే నా పాత సీట్లో ఆమె ఉంది. చున్నీ ఎండకు అడ్డం పెట్టుకుని తరలింపు మీద దుమ్మెత్తిపోస్తోంది. మామ చేతులు నొప్పెట్టేలా చరుస్తున్నాడు. నీడవైపు కూర్చోవడానికి మనసొప్పలేదు, ఎండవైపు ఎవరూ చోటివ్వలేదు. మధ్యలో కడ్డీ పట్టుకుని వేలాడుతుంటే, డ్రైవరన్న అద్దంలో చూసి నన్ను స్వతంత్ర అభ్యర్థిగా ప్రకటించాడు. బస్సంతా నవ్వింది. ఉప్పల్ దగ్గరపడుతుండగా ఆమె కిటికీవైపు జరిగింది.

"కూసోన్రి. రేపటి సంది వార్తల మీద నేను మాట్లాడుత. మీరు ఇంటె సాలు."

విన్నాను. కంపెనీ ఎక్కడికీ కదల్లేదు, మాకు పెళ్లయింది, ఇంకా వింటూనే ఉన్నాను. పొద్దున్నే టీవీలో ఏదైనా పెద్ద వార్త వస్తే నాలోని ఆ కుర్రాడు లేచి గొంతు సవరించుకుంటాడు. పాపం, వాడు నోరు తెరిచేలోపే ఆమె అందుకుంటుంది. వాడికంటే బాగానే మాట్లాడుతుంది.