అత్త సూదికి చెయ్యి చాపిన రోజు

ఆ ఉదయం మైక్రోస్కోప్‌లో కణాలు మసకగా కనిపించాయి. రంగు పాతబడిందనుకుని కొత్తది కలిపాను. అయినా మసకే. లెన్సు తుడిచి మళ్లీ కూర్చుంటే, పక్క బల్ల దగ్గరున్న మా ల్యాబ్ పెద్ద ప్రభావతి మేడం నా మొహంలోకి చూసి, "సుజాతా, తప్పు లెన్సుది కాదేమో. నీ కళ్ల కింద ఎంత ఉబ్బిందో చూసుకున్నావా?" అన్నారు. అప్పటికి వారం నుంచి చెప్పులు బిగుతుగా ఉంటున్నాయి. కాలి మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది.

తొంభైల నాటి సంగతి ఇది. విశాఖపట్నంలో ఒక టిష్యూ టైపింగ్ ల్యాబ్‌లో నేను పరిశోధన చేసేదాన్ని. ఒకరి కిడ్నీ ఇంకొకరి ఒంట్లో ఇముడుతుందా లేదా అని ఆపరేషన్‌కి ముందే చూసి చెప్పడం మా పని. చిన్న చిన్న గుంటలున్న ట్రేలో ఇచ్చేవాళ్ల తెల్లకణాల మీద పుచ్చుకునేవాళ్ల సీరమ్ వేస్తాం. కణాలు చచ్చిపోతే క్రాస్‌మ్యాచ్ పాజిటివ్, ఆ కిడ్నీ పనికిరాదు. బతికి ఉంటే మెరుస్తాయి, అది నెగెటివ్. నెగెటివ్ అంటే పండగ చేసుకునే చోటు మా ల్యాబ్ ఒక్కటేనని మేడం నవ్వేవారు.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ మనసు అక్కడికే పరిగెత్తుతుంది. కరెంటు పోతే ఫిషింగ్ హార్బర్ నుంచి ఐసు తెప్పించి సీరమ్ సీసాలు అందులో గుచ్చేవాళ్లం. రెండు రోజులు ల్యాబంతా చేపల వాసన. టైపింగ్‌కి కావలసిన సీరమ్ ప్రసూతి ఆసుపత్రిలో దొరికేది. బిడ్డలో తండ్రి నుంచి వచ్చిన గుర్తులు తల్లి ఒంటికి పరాయివి. వాటి మీద కొందరు తల్లుల రక్తంలో యాంటీబాడీలు పుడతాయి. అందుకని ఎక్కువ కాన్పులైన తల్లులను బతిమాలి కాస్త రక్తం తెచ్చుకునేవాళ్లం. ఇక ఆ సీరమ్‌ను పరీక్షించే కణాల కోసం చుట్టాలనే పట్టుకునేదాన్ని. సబ్బవరం పక్కన మా ఊళ్లో పెళ్లంటే నా సంచిలో ట్యూబులు ఉండాల్సిందే. భోజనాలకు ముందే పిన్నులూ బాబాయిలూ చేతులు చాపేవారు.

చాపనిది మా అత్త ఒక్కతే. పేరు అప్పలనర్సమ్మ, మా నాన్న చెల్లెలు. ఆవిడ కొడుకు సూరిబాబునే, అంటే మా బావనే నేను చేసుకున్నాను కాబట్టి మేనత్తే అత్తగారు కూడా. కుమ్మే గేదెను కొమ్ము పట్టుకుని నిలబెట్టే మనిషికి సూది చూస్తే కాళ్లు వణుకు. "ఒలే, అచ్చింతలెయ్యడానికొచ్చినావా, నెత్తురు తాగడానికొచ్చినావా?" అని నన్ను పందిట్లోంచి తరిమేది. పెందుర్తిలో ఇల్లు కట్టుకున్నాక మాతోనే ఉండేది. ఉప్పు దగ్గర మొదలైన మాట ఊరి పొలం దాకా వెళ్లందే మా ఇద్దరికీ తెల్లారేది కాదు. స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టు దిగి వచ్చే బావ మా గొంతులు వినిపిస్తే గేటు దగ్గరే సైకిల్ తుడుచుకుంటూ కూర్చునేవాడు.

మేడం పట్టుబట్టి పంపితే పరీక్షలు చేయించుకున్నాను. రిపోర్టులు చేతిలో పట్టుకుని కిడ్నీల డాక్టర్ ఇబ్బందిగా కదిలారు. "మీకు నేను చెప్పక్కర్లేదు కదమ్మా" అన్నారు.

"చెప్పండి డాక్టర్. పేషెంట్‌కి చెప్పినట్టే చెప్పండి" అన్నాను.

"క్రానిక్ గ్లోమెరులోనెఫ్రైటిస్. కిడ్నీల్లోని జల్లెడలు ఏళ్లుగా వాచి పాడవుతున్నాయి. స్కానింగ్‌లో రెండు కిడ్నీలూ కుంచించుకుపోయాయి. డయాలసిస్ సూదుల కోసం చేతి రక్తనాళాలు కలిపే ఫిస్టులా చేయించుకోండి, త్వరలోనే మొదలుపెట్టాలి. ఇంట్లో డోనర్ ఎవరున్నారో ఆలోచించండి."

ఈ మాటలు పక్కనుండి ఎన్నోసార్లు విన్నాను. నాకే చెబుతుంటే మాత్రం సగం వినపడలేదు.

డయాలసిస్‌లో సూదుల కన్నా దాహం ఏడిపించింది. ఒంట్లో నీరు బయటికి పోదు కాబట్టి తాగే నీళ్లకు కొలత. విశాఖ ఎండాకాలంలో, ఉప్పగాలిలో, నాలుక అంటుకుపోతుంటే అత్త కుండ తీసుకెళ్లి తన మంచం కింద పెట్టుకుంది. చిన్న గ్లాసుతో తనే పోసేది. ఇంకొంచెం అని అడిగితే, "డాట్రు సెప్పినంతే. నన్ను తిట్టుకుంటే తిట్టుకో" అనేది. నిజంగానే తిట్టుకున్నాను. రక్తం తగ్గిపోయి మెట్లెక్కలేకపోతున్నా వీలైనంతవరకు రక్తం ఎక్కించవద్దని డాక్టర్‌ని బతిమాలాను. ఎక్కించిన రక్తంతో కూడా యాంటీబాడీలు పుడతాయని నాకు తెలుసు.

నాన్న లేరు. అమ్మకు షుగర్, ఇవ్వకూడదు. నాకు తోబుట్టువులు లేరు. బావ ముందుకొచ్చాడు. "నాకు రెండున్నాయి కదా డాట్రుగారూ, ఒకటి తీసీండి. డ్యూటీకి ఒకటి సాలు" అన్నాడు.

సొంతవాళ్ల ట్రే చదవకూడదని మా ల్యాబ్ నియమం. ఆశ ఉన్న కంటికి చచ్చిన కణం కూడా బతికున్నట్టే కనిపిస్తుంది. అందుకని మేడం లోపల చదువుతుంటే నేను వరండాలో కూర్చున్నాను. పోర్టు వైపు నుంచి వచ్చే ఖనిజం ధూళి కిటికీ మీద ఎర్రగా పేరుకుని ఉంది. నెగెటివ్ వస్తే మేడం గబగబా బయటికి వస్తారు. ఆ రోజు నెమ్మదిగా వచ్చారు.

"రెండుసార్లు చేశాను సుజాతా. పాజిటివ్."

కారణం నాకు చెప్పాల్సిన పని లేదు. నాకు మూడు కాన్పులు. ఏ తల్లుల రక్తంలో ఏ సరుకు కోసం ఏళ్లపాటు తిరిగానో, అదే నా రక్తంలో ఉంది. మేడం భుజం మీద తల పెట్టి ఏడ్చాను.

ఇంట్లో సంగతి విని బావ పెరట్లోకి వెళ్లిపోయాడు. అత్త నా మంచం పక్కన పీట వేసుకుంది.

"నా కొడుకులో నీకు పడనిదేటే?"

"బావలో సగం నీ నుంచి వచ్చింది అత్తా. అది మా నాన్న వైపుదే, టైపింగ్‌లో నాతో కలిసింది, నా ఒంటికి తెలిసిందే. మావయ్య నుంచి వచ్చిన సగాన్నే నా ఒళ్లు ఒప్పుకోవడం లేదు."

"మీ మావయ్య నాకూ పడనేదే. ముప్పయ్యేళ్లు ఏగినాను" అంది. ఆ ఏడుపులోనే నాకు నవ్వొచ్చింది. అత్త నవ్వలేదు. "మరి నాలో మీ మావయ్య నేడు కదా?" అంది.

"లేడు."

"అయితే నన్నెందుకు అడగవే?"

వరండాలో కూర్చున్నప్పుడే నాకా ఆలోచన వచ్చింది. కానీ పొద్దున లేస్తే పోట్లాడే మనిషిని కిడ్నీ ఇమ్మని ఏ నోటితో అడగను? "నీకు సూదంటే భయం కదా" అన్నాను.

"బయమే. నాకు సూదంటే బయం, నీకు నానంటే బయం. ఇద్దరం ఇలాగే కూకుంటే పిల్లలకి దిక్కెవులే?"

మర్నాడు ల్యాబ్‌లో అత్త కళ్లు గట్టిగా మూసుకుని ఒక చెయ్యి చాపింది. రెండో చేత్తో నా చెయ్యి నలిగిపోయేలా పట్టుకుంది. ఆ సాయంత్రం మేడం దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చారు. "కణాలన్నీ మెరుస్తున్నాయి సుజాతా. నెగెటివ్" అన్నారు. ఆవిడ కళ్లలో నీళ్లు.

చట్టం ప్రకారం మేనత్త గానీ అత్తగారు గానీ దగ్గరి బంధువు కిందకు రారు. అందుకని అనుమతి ఇచ్చే కమిటీ ముందు కూర్చోవాల్సి వచ్చింది. ఈమె నీకు ఏమవుతుందని అత్తను అడిగితే, "మా అన్న కూతురు బాబూ. కోడలు తరవాత అయ్యింది" అంది. ఎవరైనా బలవంతం చేశారా అన్నారు. "నన్ను బలవంతం సేసేటోడు ఇంకా పుట్టనేదు" అంది. సభ్యులంతా తలలు వంచుకుని నవ్వుకున్నారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. రెండో వారంలో మూత్రం తగ్గింది, జ్వరం వచ్చింది, కిడ్నీ వడకట్టి పారేయాల్సిన క్రియాటినిన్ రక్తంలో పెరిగింది. "అక్యూట్ రిజెక్షన్. మీ ఒళ్లు కొత్త కిడ్నీని తోసేస్తోంది. మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇస్తున్నాం, చూద్దాం" అన్నారు డాక్టర్. ఆ 'చూద్దాం' ఎంత బరువో నాకు తెలుసు. అత్త కుట్లున్న పక్కను చేత్తో పట్టుకుని మెల్లగా నడిచొచ్చి నా గది గుమ్మంలో నిలబడింది. "నా మాట ఎప్పుడిన్నావని, నా కిడ్నీ మాట ఇంతావు? ఈ ఒక్కసారికి ఇనే, నీకు దండం పెడతాను" అంది. ఆవిడ నన్ను బతిమాలడం అదే మొదటిసారి. నాలుగో రోజుకి క్రియాటినిన్ దిగింది. డాక్టర్ 'చూద్దాం' అనడం మానేశారు.

కిడ్నీని ఒళ్లు తోసేయకుండా వాడే సైక్లోస్పోరిన్ మందు అప్పట్లో నూనెలా ఉండేది, పాలలో కలుపుకుని తాగాలి. ఆ వాసనకు పిల్లలు గది వదిలి పారిపోయేవారు. ఇంటికొచ్చాక మంచం కింది కుండ మళ్లీ వంటింట్లోకి వచ్చింది. ఇప్పుడు నీళ్లు బాగా తాగాలి కదా, పొద్దున్నే ఇత్తడి చెంబుతో అత్త నా నెత్తిన నిలబడేది. "నా కిడ్నీకి నీలు పోసినావా?" అని ఇరుగుపొరుగు వినేలా అడిగేది. ఉప్పు గురించి పోట్లాట కూడా మళ్లీ మొదలైంది. ఆ పోట్లాట నాకు ఎంత తీపిగా ఉండేదో చెప్పలేను.

తరువాత చాలా ఏళ్లు ఇద్దరం చెరొక కిడ్నీతో బాగానే తిరిగాం. నేను మళ్లీ ల్యాబ్‌కి వెళ్లాను. ట్రేలు పోయి డీఎన్ఏ పద్ధతి వచ్చింది. మేడం రిటైరయ్యారు. రెండువేల సంవత్సరం దాటిన చాలా ఏళ్లకు ఒక మధ్యాహ్నం గుండె ఆగి అత్త పోయింది. ఆవిడకు మిగిలిన కిడ్నీకి మాత్రం ఏ లోపమూ రాలేదు. శ్మశానం నుంచి తిరిగొచ్చిన బావ, గోడకు ఆనుకుని కూర్చున్న నన్ను చూసి, వంటింట్లోకి వెళ్లి ఆ ఇత్తడి చెంబు నిండా నీళ్లు తెచ్చాడు. "తాగే సుజీ. అమ్మ అంతా కాలిపోనేదు" అన్నాడు. ఏడుస్తూనే చెంబు ఖాళీ చేశాను.

తోటి రోగులకు, వాళ్ల ఇంటివాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. భార్యాభర్తలకు క్రాస్‌మ్యాచ్ పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఆగిపోకండి. ఫలానావాళ్లు ఇవ్వరులే అని మీ అంతట మీరే ఎవరినీ కొట్టేయకండి. సంగతి ఇంట్లో అందరికీ విప్పి చెప్పండి, ఇవ్వాలో వద్దో వాళ్లనే తేల్చుకోనివ్వండి. నేను అడగలేకపోయాను, ఆవిడే అడిగించుకుంది కాబట్టి బతికాను. ఇక లేస్తాను. నీళ్లు తాగే వేళయింది, ఆలస్యమైతే అత్త ఊరుకోదు.